నీలిచీర రాణి తిరిగొచ్చిన క్యాసెట్టు

సాక్ష్యం చెప్పించడానికి మా అవ్వను మోపెడ్ ఎక్కించుకుని మేడ్చల్ తీసుకెళ్లిన రోజు సంగతి మా ఇంట్లో ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే, నీళ్లు తాగే వంకతో నేను వంటింట్లోకి జారుకుంటాను. తీసుకెళ్లింది కోర్టుకు కాదు లెండి, సీడీల దుకాణానికి. గొడవ భూమి గురించి కాదు, ఒక బొమ్మల సినిమా గురించి. ఫిర్యాది నేనే, వకీలు నేనే, ఆఖరికి పరువు పోయిందీ నాకే. నవ్వుకోవాలంటే నవ్వుకోండి, మా చెల్లెలు ఎలాగూ మీకన్నా ముందే నవ్వేసింది.

మాది గౌడవెల్లి. అమ్మ జబ్బుతో పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు, చెల్లెలు స్వప్నకు మూడు. మమ్మల్ని సాకింది మా అవ్వ, అంటే నాయిన వాళ్లమ్మ. నాయిన ఇళ్లకు రంగులు వేసేవాడు. ఒకసారి కౌకూర్‌లో ఎవరో ఆఫీసరు ఇంట్లో పని చేస్తుంటే, వాళ్లు బదిలీ మీద వెళ్లిపోతూ పాత వీసీఆర్ ఒకటి, దానితోపాటు వాళ్ల పిల్లలు చూసి చూసి విసిగిపోయిన ఇంగ్లీషు బొమ్మల సినిమా క్యాసెట్టు ఒకటి నాయిన చేతిలో పెట్టారు. వేరే క్యాసెట్లు అద్దెకు తెచ్చుకునే స్తోమత మాకు లేదు. కాబట్టి మా ఇంట్లో సినిమా అంటే అదొక్కటే.

కథలో ఒక రాజు, ఒక రాణి, వాళ్లకో చిన్న రాకుమారి. రాణి మంచాన పడుతుంది, కొవ్వొత్తి ఆరిపోతుంది, రాజ్యమంతా మంచు కప్పేస్తుంది. రాకుమారి ఒక కుంటి బాతును వెంటేసుకుని కొండలు దాటి, మంత్రగత్తెతో తలపడి, ఎండను తిరిగి తెస్తుంది. చివర్లో ఊరంతా పండుగ చేసుకుంటుంది. ఈ మాత్రం కథ నేను పెద్దయ్యాక కూడగట్టుకున్నది. అప్పట్లో మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. అందుకే కథ అవ్వ చెప్పేది.

అవ్వకు కూడా ఇంగ్లీషు ముక్క రాదని మీరు అనుకుంటున్నారు కదా, నిజమే, రాదు. అది ఆమెకెప్పుడూ అడ్డం కాలేదు. తెర మీద ఎవరు నోరు తెరిచినా అవ్వ వాళ్లకంటే ముందే మాట అందించేది. మంత్రగత్తె రాజుకు స్వయానా అక్క, పొలం పంపకాల్లో అన్యాయం జరిగిందని కోపం పెట్టుకుంది. కొండల మీద పరుచుకున్నది మంచు కాదు, పత్తి, ఏరడానికి కూలోళ్లు దొరకలేదు. బాతును అలియాబాద్ అంగడిలో కొన్నారు, కాలు బాగాలేదని తక్కువకే ఇచ్చారు. రాకుమారి వెంటపడే, గుర్రాలు కాసే పిల్లగాడు అవ్వకు ఎన్నడూ నచ్చలేదు, వాడికి పనీపాటా లేదని ప్రతిసారీ అనేది.

రాణి మంచాన పడే చోట మాత్రం అవ్వ గొంతు మారేది. రాణికి పాణం బాగలేదని, పట్నం పెద్ద దవాఖానకు తీసుకుపోయారని చెప్పేది. చివర పండుగలో జనం మధ్య నీలి గౌనులో, మా అవ్వ లెక్కలో నీలిచీరలో, ఉన్న ఒకామె కళ్లు తుడుచుకుంటూ ఒక్క క్షణం కనిపిస్తుంది. అవ్వ తెర దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించేది.

"అగో, అచ్చింది. నయమై అచ్చింది వాళ్లమ్మ. బిడ్డను సూడంగనే ఎట్ల ఏడుస్తాందో సూడు."

ఆ తర్వాత తల్లి పరుగెత్తుకొచ్చి బిడ్డను ఎత్తుకోవడం, జుట్టు దువ్వడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ అవ్వ చెప్పేది. అప్పటికి తెర మీద పేర్లు పడుతూ ఉండేవి. నా బుర్రలో మాత్రం అవన్నీ బొమ్మలుగానే అచ్చుపడిపోయాయి. స్వప్న అన్నం తినడానికి మారాం చేసే పిల్ల కాబట్టి దానికోసమే అవ్వ ఇంత విడమరిచి చెబుతోందని నేను పెద్దరికంగా అనుకునేవాణ్ణి. కొన్నాళ్లకు క్యాసెట్టుకు బూజు పట్టింది, వీసీఆర్ టేపును నమిలి మింగేసింది, మా సినిమా అక్కడితో సరి.

ఇగ అసలు ఘనకార్యానికి వస్తాను. నేను డిగ్రీ అయిపోయి మేడ్చల్‌లో ఒక కంపెనీలో స్టోర్స్ లెక్కలు చూస్తున్న రోజులు. ఇంట్లో డీవీడీ ప్లేయర్ కొన్నాం. స్వప్నకు కామెర్లు వచ్చాయి. నూనె లేని కూర, ఉప్పు లేని పప్పు, కాలేజీ లేదు, స్నేహితులు లేరు. పిల్ల కళ్లతోపాటు మొహం కూడా వాడిపోయింది. ఒకరోజు గోడ వైపు తిరిగి పడుకుని, ఆ బాతు సినిమా ఉంటే బాగుండేదన్నా అంది. అంతే. నేను పోయి తెస్తా, కొత్త ప్రింటు తెస్తా, రాణి తిరిగొచ్చేదాకా పక్కనే కూర్చుని చూపిస్తా అని మాటిచ్చాను. స్వప్న నన్నొక రకంగా చూసింది. జ్వరం చూపు అనుకున్నాను.

మేడ్చల్ బస్టాండు పక్కన యాదగిరన్న సీడీల దుకాణం ఉండేది. డిస్కు బాగుందో లేదో చూపించడానికి కౌంటరు మీద ఒక టీవీ పెట్టుకున్నాడు. అతుకుల బొంత ప్రింటు పట్టుకుపోయి కామెర్ల పిల్లకు చూపించే రకం కాదు నేను. ముందు అక్కడే పెట్టించి చూశాను.

మొదట వీసీడీ. రెండు డిస్కులు. రాకుమారి కొండ చరియ నుంచి జారుతూ చెయ్యి చాపిన క్షణానే మొదటి డిస్కు అయిపోతుంది, పాపం రెండోది పెట్టేదాకా ఆ పిల్ల గాల్లోనే వేలాడాలి. పైగా హిందీ డబ్బింగు. రాణి మంచం దగ్గర రాజు "రాణి ఇక లేదు" అని హిందీలో ఏడ్చాడు. హిందీవాళ్లు కథ సరిగా తెలుసుకోకుండా డబ్బింగు చెప్పేశారని యాదగిరన్నకు వివరించాను. చివర్లో తల్లి పరుగెత్తుకు రాలేదు, జుట్టు దువ్వలేదు. సీను కోసేశారని చెప్పి వెనక్కిచ్చేశాను.

తర్వాత డీవీడీ. ఎంత నిగనిగలాడిందో ఏం చెప్పమంటారు. మా క్యాసెట్టులో మనుషులంతా ఉతికి ఉతికి వెలిసిన గుడ్డల్లా ఉండేవారు, మొహాల కింద ఎప్పుడూ ఒక గీత వణుకుతూ ఉండేది. ఇందులో బాతు ఈకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. మంత్రగత్తెకు మెడ మీద పుట్టుమచ్చ ఉందని నాకు ఆరోజే తెలిసింది. కానీ తల్లి రాలేదు. మళ్లీ గొడవ పెట్టుకున్నాను. యాదగిరన్న ఓపికమంతుడు, ఎవరినో పట్టుకుని సికింద్రాబాద్ నుంచి ప్రత్యేక ఎడిషన్ అట్టపెట్టె తెప్పించాడు. అందులో తీసేసిన సీన్లు కూడా వేరుగా ఉంటాయట. ఇంకేం, మా రాణి అందులోనే దాక్కుని ఉంటుందని నేను గంతులేశాను. తీసేసిన సీన్లలో బాతు పాడిన ఒక పాట ఉంది, మంత్రగత్తె స్నానం చేసే సీను ఉంది. తల్లి లేదు.

అప్పటికి దుకాణంలో జనం పోగయ్యారు. నేను రోజూ డ్యూటీ దిగి వచ్చి ఇదే గొడవ చేస్తుంటే వాళ్లకూ కాలక్షేపంగా ఉన్నట్టుంది.

"తమ్మీ, రాణి సచ్చిపోయింది. మొదట్లనే సచ్చిపోయింది. సచ్చినోళ్లు ఎట్లొస్తరు?" అన్నాడు యాదగిరన్న.

నాకెక్కడో చురుక్కుమంది. ఎందుకంత కోపం వచ్చిందో అప్పుడు తెలియలేదు. ఆమె చావలేదని, దవాఖానకు పోయిందని, కొన్ని వందలసార్లు కళ్లారా చూశానని, నన్ను అబద్ధాలకోరును చేస్తున్నాడని గొంతు చించుకున్నాను. చివరికి బల్ల గుద్ది, "రేపు సాక్షిని తెస్త అన్నా. అప్పుడు మాట్లాడుదాం" అన్నాను.

మర్నాడు కంపెనీకి సెలవు పెట్టి, అవ్వతో మేడ్చల్‌లో సాక్ష్యం చెప్పాలి బయల్దేరు అన్నాను. మా చుట్టుపక్కల అప్పుడప్పుడే పొలాలు ప్లాట్లవుతున్నాయి, వారానికొకరు హద్దురాళ్ల పంచాయితీకి పోయి వస్తున్నారు. సాక్ష్యం అనగానే అవ్వ పట్టు అంచు చీర కట్టుకుని, బొట్టుబిళ్ల సరిచేసుకుని మోపెడ్ ఎక్కింది. దారంతా వెనకాల కూర్చుని, తూర్పు గెట్టు మీద తుమ్మచెట్టు మనదే అని చెప్పాలె గద అంటూ తయారవుతోంది. నాకు తొందరలో విడమరిచి చెప్పే ఓపిక లేదు, ఊఁ కొట్టాను.

దుకాణంలో అవ్వకు స్టూలు వేశారు. విషయం తెలిశాక ఆమె కొంచెం సేపు నా మొహం కేసి చూసింది. తుమ్మచెట్టు సంగతి మళ్లీ ఎత్తలేదు. పెట్టు బిడ్డా అంది. యాదగిరన్న చివరి సీను పెట్టాడు. ఎండ కాసింది, గంటలు మోగాయి, జనం రంగురంగుల గుడ్డలు ఊపారు. నీలిచీర ఆమె ఒక్క క్షణం కనిపించి కళ్లు తుడుచుకుంది. నిగనిగలాడే ఆ ప్రింటులో ఆమెకు ఎర్రజుట్టు ఉంది, గడ్డం కింద ఇంకో మడత ఉంది, చంకలో రొట్టెల బుట్ట ఉంది. సినిమా మధ్యలో బజారులో రొట్టెలమ్మింది ఆమేనని డీవీడీలో ఎవరికైనా తెలిసిపోతుంది.

నేను మాత్రం ఆమెను చూడనే లేదు. తల్లి పరుగెత్తుకొచ్చే సీను కోసం ఎదురుచూస్తున్నాను.

"చెప్పు అవ్వా. రాణి వచ్చిందా, రాలేదా?"

దుకాణం మొత్తం అవ్వ వైపు తిరిగింది. అవ్వ లేచి కౌంటరు దగ్గరికి పోయి, బొమ్మ వెనక్కి తిప్పించి, తెర మీద వేలు పెట్టింది.

"అగో, అచ్చింది గద. గింత కండ్ల ముందట వెట్టుకొని రాలేదంటవేంది బిడ్డా?"

"అవ్వా, ఆమె రొట్టెలమ్మేటామె" అన్నాడు యాదగిరన్న.

"రొట్టెలమ్మితే తల్లి గాదా?" అంది అవ్వ. గట్టిగా ఏమీ అనలేదు. అతని వైపు చూస్తూ అడిగింది, అంతే.

యాదగిరన్న అవ్వను చూశాడు, నన్ను చూశాడు. రిమోట్ కింద పెట్టేశాడు. "నిజమే తమ్మీ. ఉన్నది. నేనే సక్కగ సూడలే. తీస్కపో" అని పెట్టె నా చేతిలో పెట్టాడు.

అక్కడితో నోరు మూసుకుని రావాల్సింది. రాలేదు. గెలిచిన వకీలును కదా. డిస్కుల్లో సీను బాగా కుదించేశారని, క్యాసెట్టులోనైతే జుట్టు దువ్వడం కూడా ఉండేదని, ఇకముందు కొనేవాళ్లకు ఈ తేడా చెప్పి అమ్మాలని యాదగిరన్నకు నిలబెట్టి పాఠం చెప్పాను. ఆ మహానుభావుడు సరే తమ్మీ, సరే తమ్మీ అంటూ అంతా విన్నాడు. తిరుగు దారిలో అవ్వ నా నడుము పట్టుకుని, వీపుకు తల ఆనించి కూర్చుంది. చల్లగాలికి అనుకున్నాను.

ఇంటికొచ్చి స్వప్న పక్కన కూర్చుని సినిమా పెట్టాను. దుకాణంలో నేను ఎలా వాదించానో, యాదగిరన్న ఎలా దిగొచ్చాడో సినిమా పొడుగునా చెబుతూనే ఉన్నాను. పిల్ల దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తెచ్చుకుంది.

"అన్నా, ఆమె రాణి కాదని నాకు ఎప్పటినుంచో ఎర్క."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చిన్నగున్నప్పుడే అవ్వను అడిగిన. నిజమే బిడ్డా, గని అన్నకు చెప్పకు అన్నది. అమ్మ పోయినంక నువ్వు నవ్వుడే మరిచినవట. గా నీలిచీర వచ్చినప్పుడే జర నవ్వేటోనివట. నీకోసమే చెప్పింది అన్నా, నాకోసం కాదు."

మూడేళ్ల పిల్లకు అమ్మ మొహమే గుర్తులేదు. అమ్మను ఇంట్లోంచి తీసుకుపోతుంటే గుమ్మంలో నిలబడి చూసింది నేను. ఇన్నేళ్లూ చెల్లెలికోసం మోస్తున్నాననుకున్న కథను, చెల్లెలూ అవ్వా కలిసి నాకోసం మోశారు. నిన్నా మొన్నా పరిచయమైన యాదగిరన్న కూడా ఒక చెయ్యి వేశాడు. బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటే అంత మంచి ఎడిషన్ అనుకున్నాను. రంగులు వెలిసి, మొహాలు అలికినట్టున్న ఆ పాత క్యాసెట్టులోనే రాణికి తిరిగొచ్చే వీలుందని నాకు అప్పటిదాకా తెలియలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. కామెర్ల పిల్ల నా వీపు నిమిరింది.

అంతలో తెర మీద గంటలు మోగాయి. బయట బియ్యం చెరుగుతున్న అవ్వ చేట పక్కన పెట్టి, గుమ్మంలోంచి తొంగిచూసి, ఎప్పటిలాగే, "అగో, అచ్చింది" అంది. ఆమెకు మా మాటలు వినపడ్డాయో లేదో నేటికీ నాకు తెలియదు. స్వప్న నా డొక్కలో పొడిచింది. నేను ముక్కు తుడుచుకుని, బుద్ధిగా నవ్వాను.

ఆ సాయంత్రమే ఉప్పులేని పప్పన్నం ముద్ద చేతిలో పట్టుకుని, చెల్లెలి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఏ దుకాణంలోనూ, ఏ ఎడిషన్ గురించీ, సీను కోశారని గొడవ పడను. రాణి వచ్చిందని అవ్వ అంటే వచ్చినట్టే.