యోహాన్ అన్న బిగించిన బూస్టర్

ఎనిమిదేళ్లుగా ఈ మాట మోస్తున్నాను. మా అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు కూడా సగమే చెప్పాను, తక్కిన సగం ఆయనకు తెలుసులే అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పే ధైర్యం వచ్చింది. మధ్యలో ఆగిపోతే కోప్పడకండి. నాకు ఇలాంటివి రాయడం అలవాటు లేదు.

నేను ఒక మంచి పనివాడి పేరు చెడగొట్టాను. పేరుతో పాటు అతని పని కూడా పోయింది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చివరిదాకా దాచుకుంటే మళ్లీ ఏదో సాకు చెప్పి తప్పించుకుంటానని నా మీద నాకే అనుమానం.

అప్పటికి వరంగల్‌లో టీవీ స్టేషన్ లేదు. హైదరాబాద్ నుంచి వచ్చేదాన్నే పట్టుకోవాలి. డాబా మీద నలభై అడుగుల ఇనుప పైపు నిలబెట్టి, దానికి యాంటెన్నా కట్టి, కింద టీవీ పక్కన బూస్టర్ పెడితే తప్ప బొమ్మ కనిపించేది కాదు. బూస్టరంటే అరచేతిలో పట్టే రేకు డబ్బా. అంత దూరం నుంచి నీరసంగా వచ్చిన సిగ్నల్‌ను అది పెద్దది చేసి టీవీకి అందిస్తుంది. హనుమకొండలో మా గల్లీకి ఈ పనులన్నిటికీ ఒకడే మనిషి, యోహాన్ అన్న. చిన్నప్పటి నుంచి రేడియోలు బాగుచేస్తూ ఎదిగినవాడు. ఎవరింటికి ఏ సెట్టు సరిపోతుందో, ఏ డాబా మీద పైపు ఎంత ఎత్తు లేపాలో పిట్టగోడ మీద నిలబడి ఒకసారి చూసి చెప్పేవాడు. బూస్టర్లు దుకాణంలో కొనేవాడు కాదు. ఏ ఇంటికి ఆ ఇంటి డబ్బా తన చేత్తోనే చేసి, ఆ ఇంట్లోనే కూర్చుని సరిచేసి, మూత బిగించి, మర మీద ఎర్ర లక్క కరిగించి చుక్క వేసేవాడు. లక్క పగలనంత కాలం ఏ తేడా వచ్చినా పూచీ తనదే. పగిలిందంటే ఎవరో చెయ్యి పెట్టారని అర్థం.

నా సంగతి కూడా చెప్పాలి. హసన్‌పర్తి దారిలో ఒక కాలేజీలో నేను ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటును. పెళ్లయిన రెండో ఏడు మా ఆయన నన్ను వదిలేసి వెళ్లిపోయాడు. అమ్మ దగ్గరికి వచ్చేశాను. గల్లీ ఆడవాళ్లు నల్లా దగ్గర నవ్వుతూనే పలకరించేవారు. కానీ మా గడప తొక్కేవారు కాదు. పేరంటాలకు పిలుపు ఉండేది కాదు. నాకు దాని ఫికర్ లేదని అందరితో అనేదాన్ని. ఎంత ఫికర్ ఉండేదో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

టీవీ కొందామనుకున్నప్పుడు యోహాన్ అన్న నాతో పాటు దుకాణానికి వచ్చాడు. రెండు సెట్లు వద్దన్నాడు, మూడోదాని వెనక చెవి పెట్టి విని, ఇది తీసుకో అన్నాడు. వచ్చి పైపు ఎత్తించాడు, డబ్బా బిగించాడు. బొమ్మ వచ్చింది. కానీ మా ఇల్లు రెండు మేడల మధ్య లోతులో ఉంటుంది. మనుషుల ముఖాల మీద ఎప్పుడూ మంచు పడుతున్నట్టే ఉండేది. ఇంకొంచెం పెంచవచ్చు కదా అన్నాను. అన్న ఒప్పుకోలేదు. ఎక్కువ గుంజితే బూస్టర్ తనే ఒర్రడం, అంటే మైకు కూసినట్టు అరవడం, మొదలుపెడుతుందని, అది మళ్లీ యాంటెన్నా నుంచి బయటికి పోయి పక్కిళ్ల బొమ్మలు ఖరాబు చేస్తుందని చెప్పాడు. శ్రద్ధగా విన్నాను. తలూపాను.

తర్వాతి వారమే దాన్ని విప్పాను. ల్యాబ్ నుంచి చిన్న స్క్రూడ్రైవరు, టంకం పెట్టే కడ్డీ తెచ్చుకున్నాను. సిగ్నల్‌ను పెంచే ట్రాన్సిస్టర్ తీసి ఇంకా బలమైనది పెట్టాను, లోపలి చిన్న మరను ఒక చుట్టు బిగించాను. మంచు మాయమైంది. ఎంత సంతోషమైందో! వార్తలు చదివే ఆమె చెవి కమ్మలు కూడా లెక్కపెట్టగలిగేంత తేటగా కనిపించింది. మూత పెట్టి, కాలేజీ ఆఫీసులో పార్శిళ్లకు వాడే లక్క ముక్క కరిగించి, అన్న వేసినట్టే చుక్క వేశాను. అన్నకు తెలిస్తే నొచ్చుకుంటాడనే అలా చేశానని అప్పుడు అనుకున్నాను.

ఆ ఆదివారం సినిమా వేళకు గల్లీలో ఒక్క ఇంట్లోనూ బొమ్మ నిలవలేదు. అన్నిటి మీదా ఏటవాలు గీతలే. మా ఇంట్లో మాత్రం అద్దంలా ఉంది. మొదట ఎదురింటి పిల్లలు వచ్చారు. వాళ్లను వెతుక్కుంటూ తల్లి వచ్చింది. ఇంటర్వెల్లు దాటేసరికి మా ముందుగదిలో అడుగు పెట్టే చోటు లేదు, గడప బయట చెప్పులు గుట్టపడ్డాయి. అమ్మ అందరికీ మంచినీళ్లు ఇస్తూ తిరుగుతోంది. నన్ను ఎన్నడూ పేరంటానికి పిలవని ఆమె నా పక్కనే కూర్చుని, ఈ హీరోయిన్ చీర నీకు బాగుంటుందే అంది.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రెండు రోజుల తర్వాత సాయంత్రం వార్తల వేళ ఒంటరిగా ఉన్నప్పుడు బూస్టర్ స్విచ్ ఆపాను. పక్కింట్లోంచి "అచ్చింది, బొమ్మ అచ్చింది!" అని కేకలు. మళ్లీ వేశాను. "అరె, మల్ల పాయె!" మూడుసార్లు అలా చేసి చూశాను. ఇక సందేహం లేదు. లేచి వెళ్లి ఆ లక్క పగలగొట్టి మర వెనక్కి తిప్పితే అయిపోయేది, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. ఎందుకు తిప్పలేదు? ఆ వారం మళ్లీ సినిమా ఉంది. మళ్లీ అందరూ వస్తారు. నిజంగా అంతే. ఇంతకన్నా గొప్ప కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతుక్కున్నాను, దొరకలేదు.

గల్లీ అంతా యోహాన్ అన్న మీద పడింది. అన్ని ఇళ్లలో పని అతనిదే కదా. అతను ప్రతి డాబా ఎక్కాడు, ప్రతి తీగా తడిమాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం కొత్త ఉపాయం చేశాడు. ఒక ఇంట్లో టీవీ ముందు మనిషిని కూర్చోబెట్టి, తను డాబా మీద నిలబడి, ఒక్కొక్క ఇంటివాళ్లనూ పేరు పెట్టి పిలిచి బూస్టర్ బంద్ చేయించాడు. ఎవరిది ఆపినప్పుడు గీతలు పోతాయో వాళ్లదే తప్పు. నా వంతు వచ్చింది. నేను టీవీ ఆపాను. బూస్టర్ ఆపలేదు. దాని ఎర్ర దీపం నా కళ్ల ముందు వెలుగుతూనే ఉంది, నేను కిటికీలోంచి "బంద్ చేసిన అన్నా!" అని అరిచాను.

అప్పటిదాకా జరిగింది పొరపాటో స్వార్థమో అనుకోవచ్చు. ఈ అరుపుకు మాత్రం నా దగ్గర ఏ పేరూ లేదు.

కాసేపటికి అతను వచ్చి మా గడప మీద కూర్చున్నాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. నీళ్లిచ్చాను. తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"చెల్లె, ఏదో ఒక డబ్బా ఒర్రుతాంది. గా ముచ్చట మాత్రం పక్కా. కని అన్ని బంద్ చేయించి చూసిన, దొరుకుతలేదు. ఒక్క లక్క గూడ పగలలే."

"మరి ఏమనుకుంటానవ్ అన్నా?"

"ఏమనుకోవాలె. ఎవలు ముట్టలేదంటే నేను చేసుడే తప్పు చేసినట్టు. నువ్వు లాబుల ఉంటవ్ గద. సదువుకున్నదానివి. జర నిజం చెప్పు, నా పనిల లోపమున్నదా?"

"ఉండొచ్చన్నా" అన్నాను.

అతను నా ముఖం వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు. "గంతే అయ్యుంటది" అని లేచి వెళ్లిపోయాడు.

అప్పట్లో ఒక హాస్టల్ వాళ్లు అతన్ని పనిలో పెట్టుకోవాలనుకుంటున్నారు. టీవీ పెట్టడం, మైకులు, రేడియోలు, కరెంటు పని, అన్నీ చూసుకునే స్థిరమైన కొలువు. వార్డెన్ మా గల్లీకి వచ్చి నలుగురిని అడిగాడు. నలుగురూ ఉన్నమాటే చెప్పామనుకున్నారు. ఆ కొలువు ఇంకొకరికి పోయింది.

తర్వాత గల్లీవాళ్లు వరంగల్ నుంచి వేరే మెకానిక్‌ను పిలిచారు. కొత్తవాడికి లక్క అంటే లెక్క ఉండదు, అన్నీ విప్పి చూస్తాడు. నాకు భయం పట్టుకుంది. అతను వచ్చే రోజు పొద్దున్నే పాత ట్రాన్సిస్టర్ మళ్లీ పెట్టి, మర వెనక్కి తిప్పేశాను. ఆ రోజే అతను ఇంటింటికీ కొత్త డబ్బాలు మార్చాడు. సాయంత్రానికి అందరి బొమ్మలూ తేటపడ్డాయి. యోహాన్ చేసినవే ఖరాబని ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆ వారం నుంచి మా ఇంటికి సినిమాకు ఎవరూ రాలేదు. పక్కన కూర్చుని చీర సంగతి చెప్పిన ఆమె నల్లా దగ్గర మళ్లీ ఊరికే నవ్వింది.

కొన్నాళ్లకు యోహాన్ అన్న ఇల్లు ఖాళీ చేసి భార్యాపిల్లలతో అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు వరంగల్‌కే టీవీ రిలే స్టేషన్ వచ్చింది, బూస్టర్ల అవసరమే లేదు. అందరూ ఆ సంగతి మరిచిపోయారు. నేను కూడా మరిచిపోయేదాన్నేమో, పోయిన ఏడు వర్ధన్నపేట బస్సులో అతను కనిపించకపోతే.

నన్ను చూడగానే నవ్వి, లేచి కిటికీ పక్క సీటు ఇచ్చాడు. ఒళ్లో తువాలలో చుట్టిన రేడియో ఉంది. పాడైతే వరంగల్‌లో బాగుచేయించి తీసుకుపోతున్నానన్నాడు. నా నోరు ఊరుకోలేదు.

"నువ్వే చూసుకోవచ్చు గదన్నా?"

"నాకేడొస్తది చెల్లె ఆ పని" అన్నాడు. మళ్లీ నవ్వాడు. "మీ గల్లీ మొత్తం ఖరాబ్ చేసిన గద అప్పుడు. ఇగ ముట్టుడే బంద్ పెట్టిన."

ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. అదే నన్ను చంపుతోంది. అతను నా మీద అనుమానపడి ఉంటే, తిట్టి ఉంటే, నేను ఏడ్చి కాళ్లమీద పడేదాన్నేమో. అతను నా మాట నమ్మాడు. నా చదువును నమ్మి తన చేతుల్ని నమ్మడం మానేశాడు. నిజం చెప్పేద్దామనుకున్నాను. పక్కన జనం ఉన్నారని ఒకసారి, ఇంకో స్టేజీ దాటాక చెబుదామని ఒకసారి వాయిదా వేశాను. అతని ఊరు వచ్చింది. పోయొస్త చెల్లె అని దిగిపోయాడు. రేడియోను చంకలో పెట్టుకుని పొలాల గట్టు మీద నడుచుకుంటూ పోతుంటే బస్సు కదిలేదాకా చూస్తూ ఉన్నాను.

దిగి వెంట పరుగెత్తవచ్చు కదా? పరుగెత్తలేదు. ఆ తర్వాత రెండుసార్లు వర్ధన్నపేట బస్సెక్కి కూడా మధ్యలో దిగి తిరిగి వచ్చేశాను. మూడోసారి అతని ఇంటిదాకా వెళ్తానో లేదో నాకు తెలియదు. వెళ్లినా, ఇన్నేళ్ల తర్వాత ఆ చేతులకు నేను తిరిగి ఇవ్వగలిగింది ఏముంది? క్షమించమని అడగడం కూడా నా భారం దింపుకోవడానికే అవుతుందేమో. మీరు క్షమిస్తారని కూడా ఇది రాయలేదు.

అతను ఆ రోజు గడప మీద కూర్చుని నన్ను ఒక మాట అడిగాడు. దానికి జవాబు ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బయటికి అనలేదు. ఇప్పుడు ఈ కాగితం మీద రాసి, గదిలో ఎవరూ లేకపోయినా పైకి చదివాను. కొంచెం ఊపిరి ఆడింది.

లేదన్నా. నీ పనిలో ఏ లోపమూ లేదు. ఒర్రింది నా డబ్బా.