తొమ్మిదడుగుల తేడా

ఈ రోజు పొద్దున్న మంచిర్యాల స్టేషన్‌లో దిగిన పార్సిల్‌లో దశాంశం తర్వాత ఏడంకెల దాకా లెక్క ఇచ్చే లాగ్ టేబుళ్ల పుస్తకం వచ్చింది. బొగ్గుగనిలో సర్వేయర్‌గా చేరినప్పటి నుంచి నా లెక్కలన్నీ నాలుగంకెల పుస్తకంతోనే చేశాను. కొత్తది ఎలా ఉందో చూద్దామని, కూలీల పెద్ద సర్దార్ మల్లయ్య ముఠా తవ్వుతున్న చోటు లెక్కను గని ద్వారం నుంచి మళ్లీ కట్టాను.

ఆ చోటికి ముందు నీళ్లు నిండిన పాత గని ఉంది. మధ్యలో ఆ నీళ్లను ఆపే గోడగా నలభై అడుగుల బొగ్గు మిగిలి ఉందని నా మ్యాపులో గీశాను; అది పలచనైతే నీళ్లు పగులుకుని మనుషుల మీద పడతాయి. ఏడంకెలతో చేస్తే ముప్పై ఒకటే వచ్చింది. మూడుసార్లు చేసినా అంతే. నాలుగంకెల తర్వాత ఒక్కో కొలతలో నేను వదిలేసిన చిన్న ముక్కలు దారిపొడవునా కూడి తొమ్మిదడుగులయ్యాయి.

మేనేజరుకు చెప్పి పని ఆపించాను. మధ్యాహ్నం మల్లయ్య మసి ఒంటితోనే నా గదికి వచ్చాడు.

"ఏమైంది సారూ, పని బందు పెట్టిన్రట?"

చెప్పాను. ఆయన రెండు పుస్తకాలనూ కాసేపు చూశాడు.

"గీ పుస్తకం రాకపోతే మేం గట్లనే తవ్వుకుంట పోతుంటిమి గదా?"

అవునన్నాను.

"మరి తక్కిన జాగల లెక్కలు? అవి గూడ పాత పుస్తకంతోటి చేసినయేనా?"

అవీ అంతే. ఇంకా పదకొండు చోట్ల మనుషులు తవ్వుతున్నారు. సాయంత్రానికి రెండు చోట్ల లెక్కే తేలింది. మిగతా చోట్లా పని ఆపమని అడిగితే మేనేజరు నవ్వి, "ఇన్నేళ్లూ నాలుగంకెలతో మునిగిపోయామా?" అన్నారు.

మీరైతే ఏమనేవారు?