ఆ మలుపు నాది!

మా మేనమామకి ఒకటే జబ్బు. ఎక్కడ ఏ పాట వినిపించినా అందులో ఒక మలుపు తనదే అనేవాడు.

ఆయన హార్మోనియంలు బాగుచేసేవాడు. కొట్టు ముందు ఎవరైనా కూనిరాగం తీస్తూ వెళ్తే చాలు, స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే వీధిలోకి వచ్చేసేవాడు. "బాబూ, పాట మీరే ఉంచుకోండి. చివర్లో ఆ మలుపు మాత్రం నాది!"

ఓసారి మా చెల్లెలి పసిపిల్ల ఉయ్యాల్లో గుక్కపెట్టి ఏడ్చింది. మావయ్య చెవి రిక్కించాడు.

"ఏడుపులో ఆ రెండో ఎత్తు ఉందే..."

"నీదేగా? అయితే నువ్వే సముదాయించు!" అని అత్తయ్య పిల్లని ఆయన ఒళ్లో పడేసింది.

నాకు నవ్వుతోపాటు ఒక సందేహం కూడా ఉండేది. పాటేమో తాతల నాటిది. దానికి ఎవరో ఒక వంపు తగిలించారు. ఆ వంపు ఎవరిది? అడిగితే, "చొక్కా నీది, గుండీ నేను కుట్టాను. ఇప్పుడు చెప్పు, గుండీ ఎవరిది?" అనేవాడు. నాకూ తల నెరిసింది. ఇంకా తేల్చుకోలేదు.

కొట్టు పై అంతస్తులో కుట్టుమిషన్ల ఆడవాళ్ళు పని చేస్తూ ఒక పాత పాట పాడేవారు. చరణాల మధ్య మూడు కత్తెర చప్పుళ్ళు, ఆ వెంటే ఒక జారుడు స్వరం. అది కూర్చి వాళ్ళకి నేర్పింది నిజంగానే మావయ్య. వారంపాటు పక్కన కూర్చుని విన్నవాణ్ణి, నేనే సాక్షి.

ఆ పాట ఆ నోటా ఈ నోటా పడి ఒక క్యాసెట్ల కంపెనీకి చేరింది. వాళ్ళ మనిషి కాగితాలతో మేడెక్కాడు. వెనకే మావయ్యా, నేనూ ఎక్కాం.

"పాట అందరిదీ. మధ్యలో ఆ కూర్పు ఎవరిది? సంతకం పెడితే అట్ట మీద పేరు వేస్తాం. హక్కు మాది."

"మరి మేం పాడుకోవద్దా?" అంది కాజాలు కుట్టే పెద్దావిడ.

"మా అనుమతి తీసుకుని పాడుకోవచ్చమ్మా."

మిషన్లు ఆగిపోయాయి. అందరూ మావయ్య వైపు చూశారు. తనవి కానివే తనవనే మనిషి, నిజంగా తనదైనదాన్ని వదులుతాడా? నేను నోరు తెరిచాను. ఆయన నా కాలు తొక్కాడు.

"కూర్పా? భలేవారే! మా అమ్మమ్మ చిన్నప్పటినుంచీ ఇదింతే."

"కత్తెర కూడానా?"

"కత్తెరతోనే పుట్టిందండీ ఈ పాట!"

ఆ మనిషి కాగితం మడుచుకుని వెళ్ళిపోయాడు. మిషన్లు మళ్ళీ కదిలాయి.

కుంటుకుంటూ మెట్లు దిగుతూ అన్నాను. "మావయ్యా, నిజంగా నీదైంది అదొక్కటే కదా!"

"ష్! వింటే వెనక్కొస్తాడు." రెండు మెట్లు దిగి ఆగాడు. "కానీ ఒరేయ్, ఇందాక చెప్పిన అబద్ధం ఉందే... అది మాత్రం నాది!"