కాదనడం రాని ఒబ్దూలియా

ఒబ్దూలియా బాల యేసులకి బట్టలు కుట్టేది. ప్యూబ్లా ఊళ్ళో, అనాల్కో పేటలో ఆమె కొట్టు. సరిగ్గా ఎదురుగా నాది, దారాలూ లేసులూ గుండీలూ అమ్మే కొట్టు. నా కూతురి బాప్తిస్మంలో జ్ఞానమాతగా నిలబడింది ఆమే. మా దగ్గర తల్లీ జ్ఞానమాతా ఒకరినొకరు కొమాద్రే అంటారు; అప్పట్నుంచీ నేను ఆమెకి కొమాద్రేని, ఆమె నాకు కొమాద్రే. ముప్పై ఏళ్ళు అలాగే పిలుచుకున్నాం, పేర్లతో మాకు పని పడలేదు.

మా వైపు ఇంటింటికీ ఒక బాల యేసు ఉంటాడు, పసిబిడ్డంత విగ్రహం. ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండగనాడు, ఆయనకి కొత్త బట్టలు తొడిగి చర్చికి ఎత్తుకెళ్ళాలి. ఒకరికి తెల్ల గౌను కావాలి, ఒకరికి డాక్టరు కోటు కావాలి. ఒకావిడ తన మనవడికి ఫుట్‌బాల్ పిచ్చి అని ఆ ఆటగాళ్ళ బనీను కుట్టించుకుంది. జనవరి వచ్చిందంటే ఒబ్దూలియా కొట్లో బల్ల మీదా, కుర్చీల మీదా, ఆఖరికి మంచం మీద కూడా బాల యేసులే. ఆమె కింద చాప వేసుకుని పడుకునేది.

అంత పని మీద పడేసుకోవడానికి కారణం ఒక్కటే. ఆమెకి కాదనడం రాదు. "రేపు పొద్దునకి కావాలమ్మా" అంటే "అలాగే తల్లీ, దానికేం భాగ్యం" అనేది. ఆ వెనకాలే వచ్చినావిడకీ అదే మాట. కుట్టుమిషన్లు అమ్మే ఒకతను మూడేళ్ళు నెలనెలా వచ్చాడు. "వచ్చే నెల తప్పకుండా తీసుకుంటాను నాయనా" అనేది, తన పాత మిషను తొక్కుతూనే. నాలుగో ఏడు అతను మిషన్లు మానేసి ఫ్యాన్లు అమ్మడం మొదలెట్టాడు. ఫ్యాను కూడా వచ్చే నెలే అంది.

దీన్ని అబద్ధం అనకండి. మా దగ్గర మొహం మీద కాదనడం అంటే గుమ్మంలోంచి మెడపట్టి గెంటినంత మొరటు. అవునంటాం, వస్తామంటాం, చూద్దామంటాం. చెప్పేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. ఎవరి మనసూ నొచ్చుకోదు. నేనూ అలాగే పెరిగాను.

బ్రిహిదా అలా పెరగలేదు. ఆవిడది జర్మనీ. అసలు పేరు బిర్గిట్, మాకు నోరు తిరక్క బ్రిహిదా అన్నాం. భర్త ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా వచ్చి, గుండె ఆగి పోయాడు. ఆయన్ని ఇక్కడే పాతిపెట్టారు. "ఆయన్ని వదిలేసి అక్కడికెళ్ళి నేనేం చెయ్యను" అని ఆవిడ ఉండిపోయింది. అప్పటికి అరవై దాటాయి.

ఒక జనవరిలో బస్సులో ఒకాయన శాలువాలో పసిబిడ్డని ఎత్తుకుని నిలబడితే, బ్రిహిదా లేచి సీటిచ్చిందట. ఆయన కూర్చుని శాలువా తొలగిస్తే లోపల సున్నపు బొమ్మ! వింతపడి ఆయన వెనకే దిగి, నడిచి నడిచి ఒబ్దూలియా కొట్లోకి వచ్చేసింది. నేను అప్పుడు లేసు కొలుస్తూ అక్కడే ఉన్నాను.

"ఇవన్నీ... బొమ్మలా?" అంది.

"బొమ్మలనకండమ్మా, వింటారు" అంది ఒబ్దూలియా. "ముందు కూర్చోండి. ఏమన్నా తిన్నారా?"

రెండు గంటలు కూర్చుంది. లేచేటప్పుడు ఒబ్దూలియా మామూలుగా మేమందరం అనే మాటే అంది. "మళ్ళీ రండమ్మా. ఇరవై మూడో నంబరు, మీ ఇల్లే."

బ్రిహిదా గాభరాపడింది. "కాదండీ, మా ఇల్లు తొమ్మిదో నంబరు. పెద్ద రోడ్డు అవతల."

కడుపు పట్టుకుని నవ్వాం. మా ఇల్లు మీదే అనుకోండని దానర్థం అని చెప్తే ఆవిడా నవ్వింది. కానీ ఆ మాటని నమ్మింది. తర్వాతి గురువారం వచ్చింది. ఆ పై గురువారం కూడా. అలా రెండేళ్ళు ప్రతి గురువారం నాలుగింటికి, ఆవిణ్ణి చూసి గడియారం సరిచేసుకోవచ్చు, గుమ్మంలో బ్రిహిదా. ఊలుతో బాల యేసులకి బొటనవేలంత మేజోళ్ళు అల్లేది. మడమ దగ్గర ఆ అల్లిక వంపు తిప్పడం మాలో ఎవరికీ రాలేదు. ఒబ్దూలియాకి ఆవిడంటే ప్రాణం. బుధవారమే కాఫీలోకి దాల్చినచెక్క తెప్పించి పెట్టుకునేది.

మా సంగతులన్నీ ఆవిడకి వింతే. "హోటల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళు వెళ్తూ వెళ్తూ నన్ను చూసి 'తృప్తిగా తినండి' అంటారు. అక్కడ మా దేశంలో ఎదురింటివాళ్ళు ఇరవై ఏళ్ళలో నన్ను పలకరించలేదు" అనేది. ఒకసారి అడిగింది, "వెళ్ళొస్తామని లేచాక మీరు గుమ్మంలో గంటసేపు నిలబడి మాట్లాడతారెందుకు? ఆ మాటలు కూర్చునే చెప్పుకోవచ్చుగా?"

"కూర్చుంటే వెళ్ళబుద్ధి కాదు కదమ్మా" అంది ఒబ్దూలియా.

"సరే. మరి 'ఇదిగో, ఇప్పుడే' అంటే ఎంతసేపు?"

"అది అన్న మనిషిని బట్టి. నేనంటే పావుగంట. మా కొమాద్రే అంటే సాయంత్రం. పైపులు బాగుచేసేవాడు అన్నాడంటే, ఇంకో మనిషిని చూసుకోండి."

బ్రిహిదా పడీ పడీ నవ్వింది. అర్థమైందనుకున్నాం.

ఆ మూడో ఏడు జనవరి ఆరున, ముగ్గురు రాజుల పండగకి, ఎప్పటిలాగే ఒబ్దూలియా కొట్లో రొట్టె కోశాం. పేటవాళ్ళం పదమూడుమందిమి, బ్రిహిదాతో పద్నాలుగు. ఆ గుండ్రటి రొట్టెలో చిటికెన వేలంత ప్లాస్టిక్ బాల యేసు దాగి ఉంటాడు. ఎవరి ముక్కలో వస్తే వాళ్ళు ఫిబ్రవరి రెండున అందరికీ తమాలేలు, ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి వంటకం, పెట్టాలి. అందుకని కత్తి దించేటప్పుడు మా చూపులు చూడాలి! ఒక ఏడు నా ముక్కలో వస్తే బుగ్గన దాచుకుని అరగంట నోరు మెదపలేదు నేను. "ఏంటి కొమాద్రే, మౌనవ్రతమా?" అని ఒబ్దూలియా ఒకటే వేళాకోళం.

ఈసారి బ్రిహిదా ముక్కలో వచ్చింది. దాచుకోవడం అన్న ఆలోచనే ఆవిడకి రాలేదు. చెయ్యి పైకెత్తి, "నాకొచ్చింది! నాకొచ్చింది!" అని లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు. "తమాలేలు నేనే చేస్తాను. మా ఇంట్లో. నాలుగింటికి. అందరూ రావాలి. తొమ్మిదో నంబరు, మీ ఇల్లే."

ఆ మాట ఆవిడ నోట మొదటిసారి వింటున్నాం. అందరం చప్పట్లు కొట్టాం. "అందరికంటే ముందు నేనుంటా" అంది ఒబ్దూలియా. "నేను పొద్దుటే వచ్చి కూర్చుంటా" అన్నాను నేను. తక్కినవాళ్ళూ తలో మాటా అన్నారు.

ఫిబ్రవరి రెండు ఒబ్దూలియాకి ఏడాది మొత్తంలో ఊపిరాడని రోజు. పొద్దున్నుంచి చీకటి పడేదాకా గుమ్మంలో జనం. అది నాకు తెలుసు, ఆమెకి ఇంకా బాగా తెలుసు. ఎవరమూ ఆ మాట ఎత్తలేదు. అంత సంబరంగా ఉన్న మనిషి మొహం మీద ఎలా ఎత్తుతాం?

పండగ ముందు గురువారం బ్రిహిదా మళ్ళీ వచ్చింది. కాఫీ తాగలేదు, ఊలు తియ్యలేదు. నిలబడే అడిగింది.

"ఒబ్దూలియా, ఆ రోజు మీకు పని ఎక్కువని నాకు అనిపిస్తోంది. మీకు కుదరకపోతే చెప్పండి. నేనేమీ అనుకోను. వేరే రోజు పెట్టుకుందాం. నిజం చెప్పండి, వస్తారా?"

నేను ఒబ్దూలియా వైపు చూశాను. ఆమె నోట్లో గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటీ తీసి సూదుల దిండుకి గుచ్చింది. ఆ కాస్సేపట్లో రాలేనన్న మాట వచ్చేస్తుందేమో అనుకున్నాను.

"అయ్యో, ఏం మాటమ్మా! పనిదేముంది, ఎప్పుడూ ఉండేదే. తప్పకుండా వస్తా. దేవుడి మీద ఒట్టు."

బ్రిహిదా నా వైపు తిరిగింది. "మీరు?"

"నేనే తీసుకొస్తానుగా ఆమెని" అన్నాను.

రెండో తారీకు పొద్దున ఆరింటికే వరస మొదలైంది. ఒకరి బాల యేసుకి వేలు విరిగింది, ఒకరు తెచ్చిన కిరీటం చెవుల మీదికి జారిపోతోంది. నాలుగైంది. ఒబ్దూలియా గడియారం చూసి, "ఇదిగో కొమాద్రే, ఈ ఒక్కటీ అయిపోతే బయల్దేరదాం" అంది. ఐదింటికీ అదే అంది. ఆరింటికి నేను నా కొట్టు మూసి వీధి దాటి వెళ్ళాను. ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు.

"నువ్వు ముందెళ్ళు. నేను వెనకే వచ్చేస్తా" అంది.

"సరే, ఇప్పుడే వెళ్తున్నా" అన్నాను.

తక్కినవాళ్ళు వెళ్ళే ఉంటారు, అక్కడ సందడిగానే ఉండి ఉంటుంది, నేనొక్కదాన్నీ లేకపోతే ఏం తెలుస్తుంది అనుకున్నాను. నేనే కాదు, తక్కిన పదకొండుమందీ సరిగ్గా అలాగే అనుకున్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు పువ్వులు తీసుకుని వెళ్దామంది ఒబ్దూలియా. వెళ్ళలేదు. ముందు సిగ్గు, తర్వాత అలసట. గురువారం నాలుగింటికి గుమ్మం ఖాళీగా ఉంది. ఐదింటికి ఆమె మిషను ఆపేసింది. శుక్రవారం ఇద్దరం పువ్వులు తీసుకుని వెళ్ళాం.

తలుపు ఇల్లుగలావిడ తీసింది. బ్రిహిదా లోపల స్నానం చేస్తోందిట. మమ్మల్ని చూసి ఆవిడకి అర్థమైపోయింది.

"మీరేనా ఆ ఇరవై మూడో నంబరువాళ్ళు? రెండు రోజులు నాతో కూర్చుని పిండి కలిపిందమ్మా ఆవిడ. అది నీళ్ళలో వేస్తే తేలాలి అని నేను చెప్తే, తేలేదాకా చేతుల్తో చిలికింది. మొక్కజొన్న ఆకులు ఒక్కొక్కటీ తుడిచింది. ఎర్రవి, పచ్చవి, కిస్‌మిస్ వేసిన తియ్యవి. అరవై ఐదు చేసింది. పద్నాలుగు కుర్చీలు అద్దెకి తెప్పించి వాకిట్లో గుండ్రంగా వేసింది. నాలుగింటికి తలుపు తెరిచి గుమ్మంలో నిలబడింది. నేను ఐదింటికి వెళ్ళి ఒకటి తిన్నాను, ఆవిడ బాధ చూడలేక. ఎనిమిదింటికి కుర్చీలవాడు వచ్చాడు. తమాలేలు సగం వాడికిచ్చింది, సగం వీధి ఊడ్చేవాళ్ళకి."



బ్రిహిదా తడి జుట్టుతో వచ్చింది. ఒబ్దూలియా గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. విరిగిన వేలు, జారిన కిరీటం, జనం, కాళ్ళ నొప్పులు. అవన్నీ నిజాలే. బ్రిహిదా మొత్తం విన్నది.

"మీకు పని ఉందని తెలుసు. అందుకే అడిగాను" అంది. కోపం లేదు. లెక్క తప్పిన పిల్లకి చెప్పినట్టు చెప్పింది. పువ్వులు తీసుకుంది. నీళ్ళలో పెట్టాలంటూ లోపలికి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు.

నెల తర్వాత కూరల బజార్లో కనబడింది. ఒబ్దూలియా పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, ఈ గురువారం రండి. మీ కోసం కాఫీ పెడతాను."

బ్రిహిదా చక్కగా నవ్వింది. "అయ్యో, తప్పకుండా. ఎందుకు రాను? మొదట నేనే ఉంటా" అంది. మా యాస కూడా పట్టుబడింది ఆవిడకి.

గురువారం ఒబ్దూలియా బల్ల మీద బట్టలన్నీ తీసేసి కొత్త గుడ్డ పరిచింది. నాలుగైంది, ఐదైంది, ఆరు కొట్టింది. చల్లారిన కాఫీ కాలవలో పోసి వచ్చి, "నేర్చేసుకుంది కొమాద్రే" అంది.

ఏప్రిల్లో బ్రిహిదా ఇల్లు ఖాళీ చేసి తన దేశం వెళ్ళిపోయింది. మాకు ఇల్లుగలావిడ చెప్పింది. ఒబ్దూలియా ఆవిడ దగ్గర చిరునామా తీసుకుని మూడు పేజీల ఉత్తరం రాసింది. పోస్టులో నేనే వేశాను. జవాబు రాలేదు.

అప్పట్నుంచీ ఒబ్దూలియా కాదనడం నేర్చుకోవడం మొదలెట్టింది. యాభై ఎనిమిదేళ్ళకి. మొదటిసారి ఒకావిడతో "రేపటికి కుదరదమ్మా" అని, లోపలికి వెళ్ళి ఏడ్చింది. ఆ వచ్చినావిడ పేటంతా చెప్పింది, ఒబ్దూలియాకి కళ్ళు నెత్తికెక్కాయని. బేరాలు తగ్గాయి. చర్చి ఫాదరు కూడా ఒకసారి, "ఏంటమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఫిబ్రవరి రెండున మధ్యాహ్నం మూడింటికల్లా తలుపు వేసేసేది. వేసి ఎక్కడికీ వెళ్ళేది కాదు, కుర్చీలో కూర్చునేది.

బ్రిహిదా భర్త సమాధికి ఒబ్దూలియా నెలకోసారి వెళ్ళేది. ఆయన్ని ఆమె ఎన్నడూ చూసింది లేదు, రాతి మీది ఆ జర్మన్ పేరు పలకడం కూడా వచ్చేది కాదు. గడ్డి పీకి, రాయి కడిగి, బంతిపూలు పెట్టి వచ్చేది. మోకాళ్ళు పనిచేసినన్నాళ్ళూ వెళ్ళింది.

పోయిన ఏడు వర్షాల్లో ఆమె పోయింది. పోయేముందు ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అడిగింది, "ఆ రోజు గుండుసూదులు తీస్తూ, రాలేనమ్మా అని చెప్పేద్దామనే అనుకున్నాను. నోటిదాకా వచ్చింది. చెప్పుంటే ఏమయ్యేది కొమాద్రే?"

"ఏమీ అయ్యేది కాదు. ఆదివారం వెళ్ళుండేవాళ్ళం" అన్నాను.

ఆమె తల ఊపి కళ్ళు మూసుకుంది.

నేను ఆమెకి ఒక సంగతి చెప్పలేదు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒబ్దూలియాకి ఆ సాయంత్రం గుమ్మంలో నలుగురు మనుషులున్నారు, చేతుల నిండా పని ఉంది. నాకేముంది? ఆరింటికి కొట్టు మూశాను. తొమ్మిదో నంబరు నా గుమ్మం నుంచి పన్నెండు నిమిషాల నడక. పెద్ద రోడ్డు దాకా వెళ్ళాను కూడా. అక్కడ బండ్లు ఆగలేదు. కాస్సేపు నిలబడి, వెనక్కి తిరిగి ఇంటికెళ్ళి, చెప్పులు విప్పి టీవీలో సీరియల్ పెట్టుకున్నాను. ఎనిమిదింటిదాకా చూశాను. అప్పటికింకా ఆ కుర్చీలు తీసుకెళ్ళలేదు.