ఫరీహా వాపసు ఇవ్వని లైన్ క్లియర్

ఫరీహా మేడమ్ మొండిఘటం అని మా సబ్‌స్టేషన్‌లో అంటారు. అంటే అననీ! ఆ మొండితనం లేకపోతే ఏమయ్యేదో, స్విచ్చి వేసే ఆపరేటర్ భిక్షపతిని, నాకు తెలుసు.

ఆమె సిద్దిపేట పిల్లే. తండ్రి గఫూర్ బోరు మోటార్లకు వైండింగ్ చుడతాడు. ఆమె ఇంజినీరింగ్ చదివి టెస్టింగ్ విభాగంలో చేరింది. మొన్న యాసంగి పంటప్పుడు మా పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతయి లారీ మీద వచ్చింది. మామూలు పరీక్షలన్నీ పాసయింది. ఇక కొబ్బరికాయ కొట్టి కరెంటు ఇవ్వడమే తరువాయి.

"ఇంకొక్క పరీక్ష ఉన్నది" అంది ఆమె.

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. కాయిల్‌కు చిన్న వోల్టేజి ఇచ్చి, ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోయింది. ప్రతి కాయిల్ కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరే గట్టిగా పలుకుతుంది, దాన్నే రెజొనెన్స్ అంటారు. అది ఎక్కడెక్కడ రావాలో ఆమె ముందే కంప్యూటర్లో మోడల్ కట్టి పెట్టుకుంది. రెండు ఫేజుల కాయిళ్లు మోడల్‌తో కలిశాయి. మూడోది కలవలేదు. లారీ కుదుపులకు లోపల కాయిల్ జరిగిందని ఆమె తేల్చేసింది.

మా డివిజనల్ ఇంజినీరు గజేందర్ సారుకు ఒళ్లు మండింది. "కంప్యూటర్ల గీతల కోసం పొలాలు ఎండవెడ్తవా? రైతులు గేటు కాడ కూసున్నరు. లైన్ క్లియర్ వాపస్ ఇయ్యి!"

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. పని కోసం లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపామని రాసిచ్చే అనుమతి, తీసుకున్న మనిషే దాన్ని వాపసు ఇవ్వాలి; ఈసారి తీసుకున్నది ఫరీహా మేడమే. అప్పటిదాకా తాతలు దిగివచ్చినా స్విచ్చి వేయకూడదు.

"ఇయ్య సార్."

"ట్రాన్స్‌ఫర్ చేయిస్త!"

"చేయించుండ్రి. గా ట్రాన్స్‌ఫార్మర్ పేలి మంటలు లేస్తే, పక్కన ఉండేది మీరు గాదు, నేను గాదు. గీ భిక్షపతన్న."

సారు నా మీదికి తిరిగాడు. "నువ్వు ఏయవయ్యా, నేను చెప్తున్న గదా!"

భయమేసింది, అబద్ధమెందుకు. అయినా చెప్పాను, "మేడమ్ ఇస్తేనే ఏస్త సార్."

గేటు దగ్గర రైతులు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు. "తిట్టుండ్రి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పంట మొత్తం పోతది, అప్పుడు ఇంకా తిడ్తరు" అని ఎదురు నిలబడింది.

చివరికి పైవాళ్లే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు విప్పించారు. మూడో కాయిల్ పక్కకు ఒరిగి ఉంది. సరిచేశాక ఆమె లైన్ క్లియర్ వాపసు ఇచ్చింది, నేను స్విచ్చి వేశాను, పొలాలకు కరెంటు అందింది.

అయినా ఆమెకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది. థూ, ఏం మనుషులు! నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం నవ్వింది.

"పోతా తియ్యి అన్నా. గాడ గూడ ట్రాన్స్‌ఫార్మర్లుంటయి. గాడ గూడ ఇయ్యనంటే ఇయ్య."