మునిరత్నం సార్ వెనక్కి పిలిచిన లెక్కలు

మొన్న తిరువళ్ళూరు బ్యాంకులో పాస్‌బుక్కు అచ్చువేసే యంత్రం కిర్రుకిర్రుమంటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. కౌంటర్లోని పిల్ల కంగారుపడి, బాగానే ఉన్నారా అని తమిళంలో అడిగింది. నాకేం, దుక్కలా ఉన్నాను. ఆ చప్పుడు వింటే మునిరత్నం సార్ గుర్తొస్తారు, అంతే. ఎనభైల్లో మద్రాసు విమానాశ్రయం దగ్గరి మా ఆఫీసులో, అచ్చం అలాంటి యంత్రం ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడేవారు. కాగితం చివరి వరస అచ్చయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఆయనది తిరుత్తణి. పొద్దున రైలు అక్కడ ఎక్కేవారు, నేను కడంబత్తూరులో ఎక్కేదాన్ని. మా సెక్షన్‌కు ఆయనే ఆఫీసరు. విమానాలకు దారి చూపే రేడియో స్తంభాలు నేల మీద ఊరూరా ఉంటాయి. ఏ స్తంభం ఎక్కడుంది, దాని నుంచి తరువాతిది ఏ దిక్కున ఎంత దూరం అనే వివరాలు కొన్ని వారాలకొకసారి మారుతుంటాయి. ఆ మార్పులను సరిచూసి విమానాశ్రయాలన్నిటికీ పంపడం మా పని. ఒకరు పైకి చదివితే ఇంకొకరు వేలు పెట్టి సరిచూసేవారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆ చదువు జోలపాటే! సార్ ఏళ్ళ తరబడి పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఒక కంప్యూటరు తెప్పించి, దిక్కులనూ దూరాలనూ అదే లెక్కగట్టి తప్పులు పట్టేలా ప్రోగ్రాం రాశారు. పెళ్ళి కాని కూతురి గురించి కూడా అంత బెంగ పడలేదని ఆయన భార్యే అనేది.

ఆయనకొక అలవాటు. ప్రతిసారీ అసలు లెక్కలు పెట్టేముందు, మాలో ఒకరు ఆయనకు చెప్పకుండా ఒక తప్పు లెక్కను పరీక్షకు వేయాలి. "కుక్క మొరుగుతాదో లేదో మనమే గోడ దూకి చూడాల మా. దొంగ వచ్చినాక చూస్తే ఏం లాభం?" అనేవారు. అందరం పెద్ద పెద్ద తప్పులే వేసేవాళ్ళం. యంత్రం ఠక్కున పట్టేసేది. మాకు అదో సరదా. ఆ ధైర్యంతోనే సార్ ఒకసారి మనుషులు చదవడం మానిపించి, ఒక్క యంత్రం మాట మీద సంతకం పెట్టి, మార్పులన్నీ పంపించారు.

ఆ తరువాతి విడతకు తప్పు వేయడం నా వంతు. ఏం బుద్ధి పుట్టిందో, చిన్న తప్పు వేశాను. ఒక స్తంభం దిక్కును కాస్త పక్కకు జరిపానంతే. యంత్రం కిర్రుమని తిరిగి, తప్పులు లేవని అచ్చువేసి ఆగిపోయింది. నేను సార్ వైపు తిరిగాను.

"సార్, నేను వేసిన తప్పును మిషన్ పట్టలేదు సార్."

"యాడ ఏసినావు? చూపించు."

చూపించాను. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ప్రోగ్రాం మొదటి నుంచీ చదువుకుంటూ వచ్చారు. ఒకచోట వేలు ఆగింది. దిక్సూచి చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ కొంచెం తేడా ఉంటుంది. ఆ తేడాను లెక్కలో కలపాల్సిన చోట ఆయన తీసివేత వేశారు. మా వైపు ఆ తేడా మరీ చిన్నది, యంత్రం చూసీచూడనట్టు వదిలేసే హెచ్చుతగ్గుల్లోనే ఇమిడిపోయేది కాబట్టి మంచి లెక్కలకు ఏ అడ్డూ రాలేదు, ఎవరికీ అనుమానం కలగలేదు. కానీ ఒక పక్కకు చిన్నగా తప్పిన లెక్క దూరిపోవడానికి ఆ సందు చాలు.

"ఇది నేను చేసినదే సరోజా," అన్నారు. "పోయిన విడత దీన్ని నమ్మే పంపినాను."

తిన్నగా పెద్దాఫీసరు గదికి నడిచారు. వెనకే నేనూ వెళ్ళాను. పెద్దాయన అంతా విని, తలుపు వేయమని నాకు సైగ చేశారు. ప్రోగ్రాం దిద్దుకుని ఊరుకోమన్నారు. పంపినవాటిలో తప్పు ఉండకనే పోవచ్చుననీ, ఊరంతా చాటితే కంప్యూటరూ, సార్‌కు రావాల్సిన ప్రమోషనూ రెండూ పోతాయనీ తమిళంలో మెల్లగా నచ్చజెప్పారు.

"తప్పు లేదని మనకు తెలీదు గదా సార్," అన్నారు మునిరత్నం సార్. ఆ సాయంత్రమే, కొత్త లెక్కలు వాడొద్దు, మళ్ళీ చెప్పేదాకా పాతవే వాడండి అని అన్ని చోట్లకూ తన పేరు మీదే కబురు పంపారు.

మళ్ళీ అందరం కూర్చుని పైకి చదివి, వేలు పెట్టి సరిచూశాం. ఒక్క తప్పూ లేదు. పంపినవన్నీ నిక్షేపంలా ఉన్నాయి! సంతోషించాల్సిన చోట ఆఫీసంతా ఆయనను చూసి నవ్వింది. కంప్యూటరు గదికి తాళం పడింది. ఆయనను పాత ఫైళ్ళ గదికి మార్చారు. నవ్వినవాళ్ళను తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ ఏడు ఆడి కృత్తిక పండక్కి, కొండ మీది గుడికి కావళ్ళు మోసుకెళ్ళే గుంపుల్లో తోసుకుంటూ తిరుత్తణిలో వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళావిడ మజ్జిగ తెచ్చిచ్చి, "నోరు మూసుకోని ఉండింటే ఏం పోయిండేది మా? తప్పే లేకపోయె!" అని కళ్ళు ఒత్తుకుంది. నేనూ అదే అన్నాను. వీధిలో పోయే కావళ్ళను చూస్తున్న సార్ మా వైపు తిరిగారు.

"తప్పు లేదని తెలిసింది మళ్ళీ చదివినాకనే గదమ్మా. పంపిన దినం మనకేం తెలుసు? తెలీకనే తెలుసునని సంతకం పెట్టినాను. మబ్బులో విమానం దింపేవాడు నా సంతకాన్ని నమ్ముకోని దింపుతాడు. వానికి నేనేం జవాబు చెప్పేది?"

సార్ ఫైళ్ళ గదిలోనే రిటైరయ్యారు. తరువాత ఎక్కువ కాలం బతకలేదు. ఆయన పోయాక అదే ప్రోగ్రాం, ఆ ఒక్క చోట దిద్దాక, వేరే ఆఫీసరు పేరుతో మళ్ళీ నడిచింది. నడిపింది నేనే. యంత్రం తప్పులు లేవనగానే గదిలో అందరి ముఖాలూ తేటపడేవి. నాకు అప్పుడే భయం మొదలయ్యేది. ఉద్యోగం వదిలినా ఆ భయం వదల్లేదు. డాక్టరు గానీ, కొడుకు గానీ, ఎవరైనా సరే అంతా బాగుందంటే, ఎట్లా తెలుసు అని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ. ఆ ఒక్క ప్రశ్న కోసం ఆ మహానుభావుడు ఉన్నదంతా పోగొట్టుకున్నాడు.