కోవిల్‌పట్టి స్టేషన్ నుంచి మా ఇంటిదాకా

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. పొలం దగ్గర ముని అనే దయ్యం కొట్టిందని ఎవరైనా జ్వరంతో పడుకుంటే "ముని కాదు, దోమ" అనేదాన్ని. కాలేజీలో ఫిజిక్స్ చదివేదాన్ని మరి. ఇప్పటికీ నమ్మను. అయినా రాస్తున్నానంటే, ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు. పట్టపగలు మా మిద్దె మీద నిలబడి చూసింది.

ముందు మా తాత గురించి చెప్పాలి.

మాది ఎన్నో తరాల కిందట తమిళనాడులోని ఈ నల్లరేగడి నేలకు వచ్చిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తాత ఆ రెంటిలో మిలిటరీ హిందీ కూడా కలిపేవాడు. పట్టాళంలో, అంటే సైన్యంలో, లారీ డ్రైవరు ఆయన. ఉత్తరాన కొండల్లో ఒకసారి లారీ లోయలోకి జారింది. పక్క సీట్లో ఉన్న గురుసామి అనే మన వైపువాడే తాతను బయటికి లాగి, తెల్లారేదాకా మంచులో పట్టుకుని కూర్చున్నాడట. ప్రాణం దక్కింది గానీ తాత ఎడమచేతి చివరి రెండు వేళ్ళూ మంచుకు పోయాయి.

పట్టాళం నుంచి వచ్చాక తాత విరుదునగర్‌లో పప్పుల కొట్టు పెట్టాడు. ఇల్లు కోవిల్‌పట్టిలో. రోజూ పొద్దున ప్యాసింజర్ బండికి పోయి సాయంత్రం వచ్చేవాడు. బూట్లకు పాలిష్ లేకుండా గడప దాటేవాడు కాదు. ఇంటికి చుట్టం వస్తున్నాడంటే తనే స్టేషన్‌కు పోవాలి. "మన ఊర్లో దిగినోడు దోవ అడుక్కోకూడదు" అనేవాడు. వచ్చినవాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించుకు రావడం ఆయన అలవాటు. పెద్దవాళ్ళు సిగ్గుపడినా వదిలేవాడు కాదు.

ఏళ్ళ తరబడి పప్పుల దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మంచం పట్టాడు. ఆ దగ్గు వీధి చివరికి వినిపించేది. చివరి రోజుల్లో తలుపు చప్పుడైతే చాలు, "గురుసామి వచ్చినాడా?" అని అడిగేవాడు. ఎక్కడని వెతుకుతాం? పట్టాళం వదిలాక ఆయన బొంబాయి వైపు ఏదో మిల్లులో చేరాడని విన్నదే, తర్వాత జాడ లేదు. రాలేదని చెప్పలేక మా నాయన "వస్తాడు నాయనా" అనేవాడు. తాత ఆ ఎదురుచూపుతోనే పోయాడు.

అవ్వ ఏడవలేదు. నలుగురూ బలవంతపెడితే రెండు ముద్దలు తిని, తాత మంచం పక్కనే కూర్చునేది.  ఆమె కూడా దక్కదేమోనని మాకు భయం పట్టుకుంది.

కర్మ ఇంకా ముగియలేదు. ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను ఆరిన బట్టలు తీయడానికి మిద్దె ఎక్కాను. వీధి మలుపులో ఒక ముసలాయన కనిపించాడు. తెల్ల పంచె, భుజాన గుడ్డ సంచి. నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న తీరు చూస్తేనే చూపు లేదని తెలుస్తోంది. చేతిలో కర్ర లేదు. కుడి చెయ్యి మాత్రం పక్కకు చాపి, ఎవరో పట్టుకున్నట్టు పెట్టుకున్నాడు. తల ఆ వైపే వంచి నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆ వైపు ఎవరూ లేరు.

మా ఇంటి ముందు మూత లేని మురిక్కాలవ ఉండేది. ఆయన దాని అంచుదాకా వచ్చి ఆగాడు. కాలితో తడమలేదు. సరేనన్నట్టు తలాడించి, కాలెత్తి దాటాడు. తిన్నగా మా గేటు ముందుకొచ్చి నిలబడ్డాడు. చాపిన చెయ్యి అప్పుడు కిందికి దిగింది.

నేను దిగి వెళ్ళాను. నా పట్టీల చప్పుడుకు ఆయన తల ఇటు తిప్పాడు.

"ఎవరు పాపా, మనమరాలివా? మీ తాత యాడ పొయ్యినాడు? గేటు కాడ చెయ్యి ఇడిసేసినాడు. నువ్వు లోపలికి పో, వస్తాండా అన్నాడు."

"మీరెవురు తాతా?" అన్నాను. 

"గురుసామిని. పట్టాళం గురుసామి."

ఆయన్ను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. పేరు విని అవ్వ తనే లేచి వచ్చింది. ఆయన ఎదురుగా నేల మీద కూర్చుని మెల్లగా చెప్పింది. "తమ్ముడూ, ఆయన లేడు. పోయిన వారమే పొయ్యినాడు."

గురుసామి తాత కుడి అరచెయ్యి తెరిచి, బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"వదినా, కండ్లు పొయ్యినాయి, నిజమే. ఆ చెయ్యి నాకు తెలీదా? మూడు వేళ్ళ చెయ్యి. ఆ రాత్రంతా పట్టుకోని కూసున్న చెయ్యి. టేసన్ నించి దోవంతా మాట్లాడినాడు. కొట్టు మాట, నీ మోకాళ్ళ నొప్పి మాట. కాలవ కాడ 'నిలు, ఇబ్బుడు కాలెత్తు' అన్నాడు."

కాలవ దగ్గర ఆయన ఆగడం నేను చూశాను. ఆ సంగతి అప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

అవ్వ ఒక్క మాటే అడిగింది. "దగ్గినాడా?"

"లేదు వదినా. ఒక్కసారి కూడా లేదు."

అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తాత పోయాక మొదటిసారి ఏడ్చింది. తర్వాత లేచి తనే అన్నం వడ్డించి, ఆయన పక్కన కూర్చుని తానూ తింది.

ఆయన బొంబాయి నుంచి ఎప్పుడో తిరిగొచ్చి కారియాపట్టి దగ్గర కూతురింట్లో ఉంటున్నాడట. ఆ ఊరి రైతు ఒకాయన కందులు అమ్మడానికి విరుదునగర్ పోతూంటే, తాత కొట్టు సంగతి, కోవిల్‌పట్టిలో ఇంటి సంగతి ఆయన నోట తెలిశాయి. శుక్రవారం బండికి వస్తున్నానని తాతకు చెప్పమని ఆ రైతుతోనే కబురు పంపాడు. అల్లుడు విరుదునగర్‌లో బండెక్కించాడు. కోవిల్‌పట్టిలో స్నేహితుడు వస్తాడన్న ధైర్యం.

ఆ కబురు మాకు చేరలేదు. నాయన ఆయన్ను దిగబెట్టి రావడానికి పోయినప్పుడు ఆ రైతును అడిగాడు. ఆయన తల గోక్కుంటూ నిజం చెప్పాడు. కొట్టు మూసుంటే ఎవరినీ అడక్కుండా వచ్చేసి, ముసలాయన బాధపడతాడని "చెప్పేసినా" అనేశాడట. అంటే శుక్రవారం ఆయన వస్తున్నాడని మా వైపు ఒక్క మనిషికీ తెలీదు.

స్టేషన్ బయట ఆటోవాళ్ళను కూడా నాయన కనుక్కున్నాడు. ఒకతను గుర్తుపట్టాడు. "రండి పెద్దాయనా అన్నాను. మావాడు వచ్చినాడు, నడిచి పోతామన్నాడు. పక్కన ఎవరూ లేరు సార్" అన్నాడు.

చూపు లేనివాళ్ళకు దారి పసిగట్టే శక్తి ఉంటుందని నా స్నేహితురాళ్ళు అన్నారు. ఉండొచ్చు. కానీ ఆయన అంతకు ముందు కోవిల్‌పట్టిలో కాలు పెట్టింది లేదు. అవ్వతో ఈ వాదనలన్నీ చెప్పబోతే, "నీకెందుకే ఆ లెక్కలు? వచ్చినాడు, దిగబెట్టినాడు, పొయ్యినాడు" అంది.

నాకు అర్థం కానిది ఇంకొకటుంది. మూత లేని కాలవ వైపు చూపు లేని మనిషి నడిచివస్తుంటే ఎవరైనా కేకేస్తారు, పరిగెత్తి పోతారు. నేనూ అంతే చేసేదాన్ని. కానీ ఆ రోజు మడతపెట్టిన బట్టలు చేతిలో పట్టుకుని, కంగారు లేకుండా, ఊరికే చూస్తూ నిలబడ్డాను. ఆయన పక్కన నాకు ఎవరూ కనిపించలేదు. అయినా ఆయన ఒంటరిగా వస్తున్నాడన్న ఆలోచన నాకు రానే లేదు.

ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలీదు.